తిరగేసిన పూర్ణాలు

సోకా, సైతామా, జపాన్,
సెప్టెంబరు 25.

అమ్మమ్మకు నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. నువ్వూ, ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఫోను చేసినప్పుడల్లా "ఏం తింటున్నావే" అని నువ్వు అడగడం, "అన్నమే" అని నేను తేల్చేయడం అలవాటైపోయింది. మొన్న పక్కింటి పెద్దావిడ పెట్టిన ఫలహారం తిన్నప్పటి నుంచి నీకు తీరిగ్గా రాయాలని మనసు పీకుతోంది.

ఇక్కడ పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు ముందు మూడు రోజులు, వెనుక మూడు రోజులు కలిపి ఆ వారాన్ని హిగాన్ అంటారు. ఇంచుమించు మన మహాలయ పక్షాల రోజుల్లోనే వస్తుంది. పెద్దల సమాధులు కడిగి, పూలూ అగరొత్తులూ పెట్టి వస్తారు. అప్పుడు చేసే తీపి పేరు ఒహాగి. మన బూరెలో తోపు బయట, పూర్ణం లోపల కదా. ఇందులో జిగురు బియ్యపు అన్నాన్ని సగం మెదిపి ముద్ద చేసి, దాని చుట్టూ పూర్ణం దట్టంగా పట్టిస్తారు. ఆ పూర్ణాన్ని అంకో అంటారు. శనగపప్పుకు బదులు అజుకి అనే ఎర్రటి గింజలు, బెల్లానికి బదులు పంచదార వేస్తారు. ఆ ఎరుపు చెడును దరిచేరనివ్వదని పాతకాలం నుంచి వీళ్ల నమ్మకం.

ఆవిడ వంటింట్లో నిలబడి అంతా చూశాను. గింజలు ఒక పొంగు రాగానే వగరు పోవడానికి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు పోసి, వేళ్ల మధ్య నలిపితే పిండి అయ్యేదాకా ఉడికించి, అప్పుడుగానీ పంచదార ముట్టుకోలేదు. ముందే తీపి పడితే గింజ గట్టిపడుతుందట. "పప్పు ఉడకనిదే బెల్లం వేయకే" అని నువ్వు నన్ను కసిరిన మాటే ఇది! చివర చిటికెడు ఉప్పు వేయడం కూడా నీలాగే. మొదటి రెండు ముద్దలు భర్తగారి ఫొటో ఉన్న మందిరం ముందు పెట్టి, గిన్నెలాంటి చిన్న ఇత్తడి గంట మోగించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాకే నాకు పళ్లెం అందించారు. తాతయ్య తద్దినం నాడు విస్తరి వేసి నువ్వు నిలబడే తీరు కళ్ల ముందు మెదిలింది.

నేనుండే ఈ సోకా ఊరు సెంబే అనే బియ్యపు బిళ్లలకు పేరుపడింది. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, దంచి, పలుచగా వత్తి ఎండబెట్టిన బిళ్లలను నిప్పుల మీద, ఉబ్బిపోకుండా బరువుతో అదుముతూ కాల్చి సోయా రసం పూస్తారు. మన వడియాల ఎండే గుర్తొస్తుంది. ఉమెబోషి అనే పుల్లటి ఊరగాయ పెరుగన్నంలోకి బాగుంటుంది. కాయలను ఉప్పులో ఊరవేసి ఎండబెడతారు. కూరలు, పులుసుల విషయంలో మాత్రం అడిగి తినాలి, చాలావాటి రసంలో ఎండు చేప ఉంటుంది. నా గురించి బెంగ పెట్టుకోకు, అడగడం నేర్చుకున్నాను.

మార్చిలో మళ్లీ హిగాన్ వస్తుంది. ఇదే తీపిని అప్పుడు బొతామొచి అంటారు; శరత్తులో హాగి పువ్వు పేరు, వసంతంలో బొతాన్ పువ్వు పేరు. ఆ వేళకు ఆవిడకు మన పూర్ణాలు చేసి పెడతానని మాటిచ్చాను. తోపుకు బియ్యం, మినప్పప్పు ఎంతెంత పోయాలో, ఎన్ని గంటలు నానాలో అమ్మ చేత రాయించి పంపు.

ఇట్లు,
నీ మనుమరాలు