‘ఏసీబీ వలలో’ అన్న వార్త రావాలంటే

ఎడిటర్ గారికి,

లంచం అడిగినచోట గొడవపడి, ఏసీబీ దగ్గరకు వెళ్లాల్సి వచ్చేసరికి నోరు కట్టేసుకునేవారే మన నగరంలో ఎక్కువ. జరగాల్సింది దీనికి తలకిందులు.

కౌంటర్ దగ్గర వాదిస్తే అవతలి మనిషి జాగ్రత్తపడతాడు. ఫైలుకు ఏదో కొర్రీ వేసి పక్కన పడేస్తాడు. ఆ తర్వాత అడిగాడని చూపించడానికి ఏమీ మిగలదు. ‘చూసి చెబుతాను సార్’ అని బయటికి వచ్చేయడమే మేలు. బయట డాక్యుమెంట్ రైటర్‌కో, జిరాక్స్ షాపు అతనికో ఆ సంగతి చెప్పుకోకూడదు, సాయంత్రానికల్లా అది లోపలికి చేరుతుంది. ఎంత అడిగాడు, ఏ పనికి, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసిపెట్టుకోవాలి. దరఖాస్తు రసీదు పోగొట్టుకోవద్దు. పని ఆయన టేబుల్ మీదే ఆగి ఉందని చెప్పే కాగితం అదే. ఫోన్‌లో మాటలు రికార్డయితే ఫైలును కత్తిరించకుండా, చెరపకుండా, ఆ ఫోన్‌ను అలాగే ఉంచాలి. నలుగురికీ వాట్సాప్‌లో పంపేసి అసలుది తీసేస్తే కోర్టులో మొదటి దెబ్బ దానికే తగులుతుంది.

గడువు సంగతి చాలామందికి తెలియదు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చామంటే, ఇచ్చిన నాటి నుంచి 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. డబ్బిచ్చి, పని అవుతుందేమోనని రెండు నెలలు చూసి, కాలేదన్న కోపంతో ఏసీబీ ఫోన్ నంబరు 1064కు ఫోన్ చేస్తే ఫిర్యాదుదారే ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంది. ముందుగా ఏసీబీకి చెప్పి, పట్టించడానికే ఇస్తే ఆ సెక్షన్ వర్తించదు. అందుకే మాట్లాడాల్సింది డబ్బు చేయి దాటకముందే.

ఫిర్యాదు సొంత మాటల్లో ఉండాలి. ఆ అధికారితో పాత తగాదా ఏదైనా ఉంటే అదీ రాయాలి. దాచితే డిఫెన్స్ లాయరు మొదట బయటికి లాగేది దాన్నే. సంగతి నిజమో కాదో ఏసీబీ విచారించుకుని, నోట్ల నంబర్లను ఇద్దరు మధ్యవర్తుల (సాక్షుల) ముందు రాయించి, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తుంది. ఆ నోట్లు పట్టిన వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. టీవీల్లో చూపించడానికి బాగుంటుంది గానీ, ఆ రంగు చెప్పేది నోట్లు తాకాడనే, అడిగాడని కాదు. అడిగినట్టూ తీసుకున్నట్టూ రుజువు కావాల్సిందేనని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు చనిపోయినా, కోర్టులో మాట మార్చి ఎదురుతిరిగినా మిగతా సాక్ష్యాలతో నిరూపించవచ్చనీ అదే తీర్పులో ఉంది. కాబట్టి ‘అడిగితేనే ఇవ్వు’ అని ట్రాప్‌కు, అంటే ఇలా వల పన్ని పట్టుకోవడానికి ముందు చెప్పేది లాంఛనం కాదు. కంగారులో వెళ్లీవెళ్లగానే నోట్లు టేబుల్ మీద పెట్టేస్తే డిమాండే ఉండదు. నోట్లు తాకిన చేత్తో అధికారికి షేక్‌హ్యాండ్ ఇస్తే పొడి అలా అంటిందని వాదించడానికి దారి దొరుకుతుంది. ‘బయట ఫలానా అతనికి ఇవ్వు’ అంటే, ఇచ్చేముందు అధికారి నోటితోనే ఆ మాట మరోసారి అనిపించుకోవాలి.

పేరు గోప్యంగా ఉంచుతామని ఏసీబీ చెబుతుంది, పత్రికలకు ఇవ్వదు కూడా. కానీ నిందితుడికి ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు ప్రతులు అందుతాయి. కోర్టులో ఒకటో సాక్షి సాధారణంగా ఫిర్యాదుదారే. విచారణను 2 ఏళ్లలో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది, పొడిగింపులతో 4 ఏళ్ల దాకా సాగవచ్చు. అదే ఆఫీసులో మళ్లీ పని పడేవారు, ఒంటరిగా ఉండేవారు ఇదంతా ఆలోచించి, లంచమివ్వకుండా, ఫిర్యాదూ చేయకుండా ఊరుకుంటే వారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఇచ్చి ఊరుకోవడం మాత్రం వేరే సంగతి.

ఆఫీసులో లోపలే ఉండి చూసేవారి కష్టం ఇంకా పెద్దది. అవినీతిని బయటపెట్టేవారి కోసం 2014లో చేసిన విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. రహదారి పనుల్లో అవినీతిని బయటపెట్టిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురైన తర్వాత, 2004లో కేంద్రం ఒక ఏర్పాటు చేసింది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో, సంస్థల్లో జరిగే తప్పు గురించి మూసిన కవరులో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రాయవచ్చు. కవరు పైన ‘పీఐడీపీఐ’ (ఆ ఏర్పాటు ఇంగ్లిష్ పేరుకు పొడి అక్షరాలు) అని ఉండాలి, పంపినవారి పేరు ఉండకూడదు. పేరు, చిరునామా లోపలి కాగితంలో రాయాలి, ఆకాశరామన్న ఉత్తరాలను పట్టించుకోరు. మన ఈసీఐఎల్, బీడీఎల్ వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారికి ఈ దారి ఉంది. రాష్ట్ర సచివాలయంలోనో తహసీల్దార్ ఆఫీసులోనో కూర్చునే గుమస్తాకు లేదు. అలాంటి కవరు పద్ధతి ఒకటి రాష్ట్ర ప్రభుత్వం పెట్టాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను. అప్పటిదాకా మీ పత్రికవారు ‘ఏసీబీ వలలో’ వార్త వేసిన ప్రతిసారీ 1064 పక్కన ఆ 7 రోజుల గడువునూ ఒక్క లైనులో వేయగలరా?

ఇట్లు,
ఒక న్యాయవాది,
నాంపల్లి, హైదరాబాద్