శస్త్రచికిత్స సరే, ప్రశ్నల కాగితం మాటేమిటి?

సంపాదకులకు,

ఊపిరితిత్తుల శస్త్రచికిత్స చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, బార్న్స్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవర్ట్స్ గ్రాహమ్ ఒక క్యాన్సర్ రోగి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసేసి బతికించిన వైనం కళ్లకు కట్టినట్టు రాశారు. ఆ రోగి కూడా డాక్టరే, పిట్స్‌బర్గ్‌లో పురుళ్లు పోసే వైద్యుడు. కొంత భాగం తీస్తే చాలనుకుని ఛాతీ తెరిచారు. చాలదని బల్ల దగ్గరే తేలడంతో మొత్తం తీశారు. వ్యాసం అక్కడితో ఆగిపోయింది. నా పేచీ దాంతోనే.

నా ఉద్యోగమంతా ఉత్తరాంధ్రలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో గడిచింది. గ్రాహమ్ పేరు మాకు తెలిసింది ఊపిరితిత్తుల వల్ల కాదు, పిత్తాశయం వల్ల. స్కానింగులు రాకముందు అందులో రాళ్లున్నాయేమో చూడాలంటే అది ఫిల్ములో కనిపించేలా చేసే మాత్రలు ముందు రోజు రాత్రి మింగించి, మర్నాడు పరగడుపున ఫిల్ము తీసేవాళ్లం. 1924లో ఆ దారి వేసింది ఆయనా, వారెన్ కోల్ అనే మరో డాక్టరూ. వాళ్లు మందును నరంలోకి ఎక్కించారు. మాత్రలు తర్వాత వచ్చాయి. ఇంత చేసిన మనిషిని ఒక్క ఆపరేషన్‌కు కుదించడం నాకు నచ్చలేదు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమో చూస్తానని ఎర్నెస్ట్ వైండర్ అనే వైద్య విద్యార్థి వచ్చినప్పుడు గ్రాహమ్ నమ్మలేదు. స్వయంగా సిగరెట్లు కాల్చేవారు. సిగరెట్ల అమ్మకం పెరిగినందుకే క్యాన్సర్ పెరిగిందంటే, ఆడవాళ్ల మేజోళ్ల అమ్మకమూ పెరిగింది కదా అని అంతకుముందు తోటి సర్జన్‌తో ఎకసెక్కమాడారు కూడా. అయినా కుర్రవాడిని పొమ్మనలేదు, రోగులను అడగనిచ్చారు. ఏ వయసులో మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లుగా, ఏం పని చేసేవారు... ఇవే ప్రశ్నలు. 684 మంది రోగుల వివరాలతో 1950 మేలో ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది. గ్రంథి కణాల్లో పుట్టే రకాన్ని పక్కన పెడితే, క్యాన్సర్ వచ్చిన మగవాళ్లలో 96.5 శాతం మంది బాగా పొగతాగే వాళ్లే. ఆసుపత్రిలోని మిగతా మగ రోగుల్లో అలాంటివాళ్లు 73.7 శాతం. గ్రాహమ్ సిగరెట్టు మానేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. 1957 మార్చిలో అదే క్యాన్సర్‌తో పోయారు. ఆయన చేతిలో బతికి బయటపడ్డ పిట్స్‌బర్గ్ డాక్టరు 1963 దాకా ఉన్నారు.

కత్తితో ఒకరిని బతికించారు. కాగితం మీది ప్రశ్నలతో ఎందరిని కాపాడారో లెక్క కట్టలేం. ఆ ప్రశ్నలే మన ఆసుపత్రుల్లో కరువు. నా గదికి వచ్చే చీటీ మీద పేరు, వయసు, 'దగ్గు', 'ఛాతీ ఎక్స్‌రే' అని మాత్రమే ఉండేది. చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే జేబులోంచి దారం కట్టిన బీడీ కట్ట తొంగి చూసేది. అడిగితే "ఎప్పుడో మానేశాను బాబూ" అనేవారు. ఆడవాళ్లను ఇంకా ఓపికగా అడగాలి. మా వైపు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దాని దెబ్బ ముందు అంగిలికి తగులుతుంది. పొగ తాగుతావా అమ్మా అని పైపైన అడిగితే లేదనే అంటారు.

ఫిల్ములో నీడ కనిపిస్తే మన దగ్గర ముందు క్షయ అనుకుంటారు. క్షయ అంత ఉంది కాబట్టి డాక్టర్లను తప్పు పట్టను. కానీ కఫంలో క్రిమి దొరకకపోయినా నెలల తరబడి క్షయ మందులే మింగి, నీడ పెద్దదయ్యాక మళ్లీ నా బల్ల ముందు నిలబడ్డవాళ్లను చూశాను. పాతికేళ్లుగా రోజూ కట్ట బీడీలు కాలుస్తున్నాడని మొదటి చీటీలోనే ఉంటే, సీటీ స్కాన్‌కో, ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి చూసే పరీక్షకో ముందే పంపేవారేమో. ఆపరేషన్‌కు వీలుండే రోజులు అలాగే జారిపోతాయి.

కాబట్టి నా కోరిక రెండు ముక్కలు. మీ అనుబంధంలో 1950 నాటి కథ కూడా వేయండి. బయటి రోగుల చీటీ మీద 'బీడీ, చుట్ట, సిగరెట్టు, అడ్డపొగ: రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు' అని ఒక వరుస అచ్చు వేయమని ఆరోగ్య శాఖను మీ పత్రిక తరఫున అడగండి. చోటు లేదంటారేమో, చీటీ వెనకవైపు ఎలాగూ ఖాళీయే.

ఇట్లు,
విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
శ్రీకాకుళం జిల్లా