దీపావళికి అమ్మకాలు పెరుగుతాయేమోనని భయపడుతున్నాం

సంపాదకులకు నమస్కారం.

డాలస్ శివారులో మాది చిన్న ఇండియన్ కిరాణా కొట్టు. మా ఆయనకు 61 ఏళ్లు, నాకు 58. కంపెనీ ఉద్యోగాలు కావు కనుక మా ఆరోగ్య బీమా మేమే కొనుక్కోవాలి. ఒబామాకేర్ అని అందరూ పిలిచే ప్రభుత్వ బీమా మార్కెట్‌లోనే ఏళ్లుగా కొంటున్నాం. నిరుడు మా ఆదాయం 86 వేల డాలర్లు. ప్రీమియంలో మా వాటా నెలకు ఆరొందల పైచిలుకు పడేది. ఇప్పుడు అంతే ఆదాయం చూపిస్తే నెలకు రెండు వేలు దాటుతుందని ఏజెంటు లెక్క కట్టి చెప్పాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

కారణం తెలిసిందే. 2021లో కరోనా సాయం కింద కేంద్ర ప్రభుత్వం బీమా సబ్సిడీని పెంచింది. ఆదాయం ఎంత ఉన్నా, ఒక మధ్యస్థ పాలసీకి అందులో 8.5 శాతానికి మించి కట్టక్కర్లేకుండా చేసింది. 2022లో మరో చట్టంతో దాన్ని పొడిగించింది. అప్పట్లో ఈ మార్కెట్‌లో బీమా ఉన్నవాళ్లు సుమారు కోటీ 20 లక్షలు. 2025కి ఆ సంఖ్య రెట్టింపయింది. ఆ పెంపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాంతో పాత గీత మళ్లీ వచ్చింది. భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంట్లో ఏడాది ఆదాయం 84,600 డాలర్లు దాటితే పైసా సబ్సిడీ లేదు. ఒక్క డాలరు దాటినా అంతే.

ఈ గీత గురించే కాస్త వివరంగా రాయాలి. నెల జీతం ఉన్నవాళ్లకు తమ ఏడాది ఆదాయం ముందే తెలుస్తుంది. కొట్టు నడిపేవాళ్లకు డిసెంబరు వచ్చేదాకా తెలియదు. ఈ ఏడాది 82 వేలు వస్తాయని రాసి సబ్సిడీ తీసుకుంటున్నాం. ఏడాది చివర్లో గీత దాటామా, తీసుకున్న మొత్తం టాక్సుల్లో తిరిగి కట్టాలి. ఇదివరకు తక్కువ, మధ్య ఆదాయాల వాళ్లకు ఈ తిరిగి కట్టే సొమ్ముకు ఒక పరిమితి ఉండేది. ఈ ఏడాది నుంచి అదీ తీసేశారు. రిటైర్మెంటు ఖాతాలో కొంత వేసి ఆదాయం తగ్గించుకోవచ్చని అకౌంటెంటు అంటాడు. అందుకూ చేతిలో డబ్బుండాలి కదా. చివరికి సోమవారాలు కొట్టు మూసేస్తున్నాం. ఇన్నేళ్లలో పండగ గిరాకీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఈసారి దీపావళికి స్వీట్లు ఎన్ని తెప్పించాలన్నది కూడా టెన్షనే.

మా వయసువాళ్ల మీద దెబ్బ ఎక్కువ, ఎందుకంటే కుర్రవాళ్ల కంటే మూడు రెట్ల వరకూ ప్రీమియం వసూలు చేసుకునే వీలు కంపెనీలకు చట్టమే ఇచ్చింది. 65 నిండి, పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమా వచ్చేదాకా మాకు వేరే దారి లేదు.

మన ఊళ్లలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. పిల్లలు సిటిజన్లయ్యాక గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రుల్ని ఇక్కడికి రప్పించుకుంటున్నారు. అలా వచ్చినవాళ్లకు ఐదేళ్లు నిండేదాకా మామూలుగా మెడికేర్ రాదు, పేదలకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ బీమా రాదు. డిసెంబరు వరకూ, సొంత ఆదాయం పేదరిక రేఖ కింద ఉన్నా, ఈ సబ్సిడీతో వాళ్లు బీమా కొనుక్కోగలిగేవారు. 2025 జులైలో చేసిన చట్టం ఆ వెసులుబాటును ఈ జనవరి 1 నుంచి తీసేసింది. మా కొట్టుకు వచ్చే పెద్దాయన ఒకరు తెనాలి పక్క నుంచి వచ్చారు. అక్కడ ఇల్లు అమ్మేసుకునే బయల్దేరారు. "షుగర్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నానమ్మా, పిల్లాడికి చెప్పకు" అన్నారు నాతో. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే సరిపోతుందని కొందరు అంటున్నారు. పాత షుగర్‌కీ, గుండెలో స్టెంటుకీ అది సాధారణంగా వర్తించదు. 2027 నుంచి హెచ్1బీ వీసా వాళ్లకూ ఈ సబ్సిడీ ఉండదు. ఉద్యోగం పోయిన కుర్రాళ్లు అప్పుడేం చేస్తారు?

సబ్సిడీని శాశ్వతం చేస్తే పదేళ్లలో 35 వేల కోట్ల డాలర్ల ఖర్చని వ్యతిరేకించేవాళ్లు అంటారు. అది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ ప్రీమియం కట్టలేక ముందు తప్పుకునేది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లే. మిగిలేది జబ్బులున్నవాళ్లు, వాళ్ల ప్రీమియాలు ఇంకా పెరుగుతాయి. బీమా లేనివాళ్లు చివరికి ఎమర్జెన్సీ రూముకే వెళ్తారు, ఆ ఖర్చూ ఎవరో ఒకరు భరించాల్సిందే.

ఈ విషయం మీదే నిరుడు అక్టోబరు 1 నుంచి బడ్జెట్ కుదరక 43 రోజులు ఇక్కడి ప్రభుత్వం మూతపడింది. డిసెంబరులో మూడేళ్ల పొడిగింపు బిల్లుకు సెనేట్‌లో 51 ఓట్లు వచ్చాయి. కావాల్సినవి 60. జనవరిలో ప్రతినిధుల సభ మాత్రం కొందరు రిపబ్లికన్ల మద్దతుతో పొడిగింపును ఆమోదించింది. ఓటు హక్కున్న తెలుగువాళ్లు తమ సెనేటర్ల ఆఫీసులకు ఫోన్లు చేయండి. రెండు నిమిషాల పని, నేను వారానికోసారి చేస్తున్నాను. సభలకు, సన్మానాలకు ఇక్కడి మన సంఘాలు ఎంతో శ్రమపడతాయి. ఈ పెద్దవాళ్ల కోసం వారాంతాల్లో ఒక సహాయ కేంద్రం పెట్టలేరా?

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. అమెరికా ప్రయాణమయ్యే తల్లిదండ్రుల కోసం ఈ ఐదేళ్ల నిబంధనను వివరంగా ప్రచురించండి. టికెట్లు కొనకముందే, ఇల్లు అమ్మకముందే వాళ్లకు ఇది తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
డాలస్, టెక్సాస్