పది ఫీల్డుల లెక్క

చిన్నతల్లీ,

పదోన్నతి కమిటీ నీ హెచ్-ఇండెక్స్, అంటే నీ వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె, చూసి పెదవి విరిచిందని నిన్న రాత్రి ఫోనులో చెప్పి ఊరుకున్నావు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు నోట రాని మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు పాథాలజీలో చేరిన కొత్తలో, నా పక్కన కూర్చుని రొమ్ము క్యాన్సర్ స్లైడులో విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టిన రోజు గుర్తుందా? మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే వలయమే ఒక ఫీల్డు, అలాంటి పది ఫీల్డుల్లో నీకు పదిహేను వచ్చాయి. అదే స్లైడు, అదే చోటు, నా మైక్రోస్కోపులో తొమ్మిదే. ఎక్కడో పొరబడ్డానని నువ్వు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టావు. మళ్లీ పదిహేనే. పొరపాటు ఇద్దరిదీ కాదు, నీ కటకం చూపే వలయం వెడల్పు, నాది ఇరుకు. 1991లో ఎల్‌స్టన్, ఎల్లిస్ రొమ్ము క్యాన్సర్ తీవ్రతను అంచనా వేసే గ్రేడింగ్ పద్ధతిని సవరించినప్పుడు, ఫీల్డు వ్యాసాన్ని బట్టి స్కోరు హద్దులు మారాలని పట్టిక ఇచ్చింది ఇందుకే. ఆ పట్టికలో చూసుకుంటే నీ పదిహేనుకూ నా తొమ్మిదికీ వచ్చిన స్కోరు ఒక్కటే, 2. నీ ముఖం అప్పుడు ఎంత తేటపడిందో నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

కమిటీ చేసిన లెక్కలో ఆ పట్టిక లేదు తల్లీ.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. కనీసం ఇరవై సార్లు ఉదహరింపు పొందిన వ్యాసాలు ఇరవై ఉంటే ఇండెక్స్ 20. లెక్క సులువు, అందుకే అందరూ పట్టుకున్నారు. కానీ నువ్వు పనిచేసేది అరుదైన లాలాజల గ్రంథి కణితుల మీద. వాటి గురించి రాసేవాళ్లే కొద్దిమంది, నిన్ను ఉదహరించేది ఆ కొద్దిమందే. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద రాసేవాళ్లది విశాలమైన ఫీల్డు. పైగా అసలు పరిశోధన కన్నా సమీక్షా వ్యాసానికే తరచుగా ఎక్కువ సైటేషన్లు (ఉదహరింపులు) వస్తాయి. ఇక క్లినికల్ ట్రయల్స్ సంగతి నీకు తెలియనిది కాదు. వందల స్లైడులు మళ్లీ చదివి రోగ నిర్ధారణ సరిచూసిన పాథాలజిస్టు పేరు రచయితల వరుసలో ఎక్కడో మధ్యన ఉంటుంది, లేదా కృతజ్ఞతల్లో ఒక్క పంక్తిగా మిగులుతుంది. ఇది అన్యాయమని నేను నమ్ముతాను, ఎక్కడ అవకాశం వచ్చినా గట్టిగానే చెప్పాను.

లెక్కలే వద్దని అనను. జీవితమంతా లెక్కపెట్టి గ్రేడు రాసినదాన్ని, ఎలా అంటాను? హారం లేకుండా లవం ఒక్కటే చూపించకూడదంటాను. కమిటీకి రాసే జవాబులో అదే అడుగు: నా ఉపశాఖలో, నాతో పాటు మొదలుపెట్టిన వాళ్లతో పోల్చి చూడండి అని. ఏ ట్రయల్‌కు ఎన్ని స్లైడులు చదివావో విడిగా రాయి. మొహమాటపడకు.

ఇంకో సంగతి. 1966లో మినియాపోలిస్ పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఒక గ్రేడింగ్ ప్రచురించాడు. కణాల వివరాల జోలికి పోకుండా, తక్కువ మాగ్నిఫికేషన్‌లో గ్రంథుల అమరిక మాత్రమే చూసి, ఒక్కో నమూనాకు ఒక అంకె ఇచ్చి, ఎక్కువగా కనిపించే రెండు నమూనాల అంకెలను కూడాడు. ఎన్నో సవరణలు జరిగినా, ఈ రోజుకీ ప్రోస్టేట్ బయాప్సీ రిపోర్టులో ఆయన పేరు ఉంటుంది. “గ్లీసన్ 7” అని రాసే చేయి ఆ పాత వ్యాసాన్ని ఉదహరించదు, ఆ అవసరమే రాదు. పని అంతగా రోజువారీ మాటలో కలిసిపోయాక దాన్ని సైటేషన్ల పట్టిక పట్టుకోలేదు. అదే 1966లో అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్‌కు నోబెల్ వచ్చింది. కోడి కణితి నుంచి వడగట్టిన కణరహిత ద్రవం మరో కోడిలో కణితి పుట్టిస్తుందని ఆయన రాసింది 1911లో. అది కోళ్లకే పరిమితమని చాలామంది పక్కన పెట్టారు. బహుమతి అందేనాటికి ఆయనకు 87 ఏళ్లు. అంతకాలం ఓపిక పట్టమని నీకు చెప్పను, ఎవరికీ చెప్పకూడదు.

రాత్రి నిద్ర పట్టక నీ మొదటి వ్యాసాన్ని ఉదహరించిన తొమ్మిది వ్యాసాలూ తెరిచి చదివాను. రెండింటిలో నీ పేరు పదిమంది పేర్ల గుంపులో ఉంది, అంతే. ఒకరు నువ్వు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం నీకు అంటగట్టారు, అదీ నీ లెక్కలో ఒకటిగా చేరింది. ఏడోది మాత్రం ఒక్క రోగి కథ. మొదట మామూలు కణితి అని రిపోర్టు రాసి, నీ వ్యాసం చదివాక కణితి ముక్కను మైనంలో దాచిన పాత బ్లాకును తెప్పించి, నువ్వు చెప్పిన స్టెయిన్ (రంగు) వేసి చూశారట. నిర్ధారణ మారింది, చికిత్స మారింది. రెండేళ్ల తర్వాత కూడా ఆమె బాగుందని చివర రాశారు.

ఆ పేజీని ప్రింటు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆఖరి వాక్యం కింద గీత గీసింది నేనే.

అమ్మ