చలికి మొరాయించిన కంప్యూటర్‌ను లేపిన నలుగురికీ కృతజ్ఞతలు

కావలిలో మా ఇంటి డెస్క్‌టాప్ ధనుర్మాసం మొదలైన కాడ్నించి పొద్దున పూట లేవడం మానేసింది. బటన్ నొక్కితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయేది. ఒక్కోసారి అదీ లేదు. మధ్యాహ్నానికి మాత్రం ఏమీ ఎరగనట్టు ఆన్ అయ్యేది. మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయించుకోండి అని ఒకచోట తేల్చేశారు. బోర్డు పోలేదు. అదే బోర్డు, అదే ప్రాసెసర్, అదే ర్యామ్ ఇప్పుడు తెల్లారుజామున కూడా ఒక్క నొక్కుకే లేస్తున్నాయి. అందుకు కారణం నలుగురు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. వాళ్లు చేసిన పని మాత్రం విడమరిచి రాస్తున్నాను. ఇదే జబ్బు మన జిల్లాలో ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో, ఎన్ని మంచి బోర్డులు పాత ఇనుముకు పోతున్నాయో!

మొదటి దండం టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు. ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. నాలుగు ప్రశ్నలు అడిగారంతే. ఫ్యాన్ తిరుగుతుందా? బీప్ వస్తుందా? తెర మీద కంపెనీ లోగో వస్తుందా? విండోస్ చుక్కలు తిరుగుతాయా? ఫ్యాన్ దగ్గరే ఆగితే కరెంటు సంగతి. ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే ర్యామ్, డిస్‌ప్లే, ప్రాసెసర్ సంగతి. లోగో వచ్చి ఆగితే హార్డ్ డిస్క్, బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డును లేపే చిన్న ప్రోగ్రాం) సెట్టింగుల సంగతి. చుక్కలు తిరుగుతూ ఉండిపోతే అప్పుడు విండోస్ సంగతి. ఫ్యాన్ కూడా తిరగని మెషిన్‌కు విండోస్ ఫార్మాట్ చేద్దామనేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఆ కోపం న్యాయమైనదే.

మా మెషిన్ మొదటి మెట్టు దగ్గరే ఆగింది. అక్కడ పెద్దాయన చూడమన్నవి ఇవి: ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టడం, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన వోల్టులకు మార్చే పెట్టె) వెనక స్విచ్ గీత ఉన్న వైపు నొక్కి ఉందో లేదో చూడడం, పవర్ కేబుల్ మార్చడం. తర్వాత క్యాబినెట్ ముందున్న బటన్‌నే అనుమానించమన్నారు. బోర్డు అంచున సన్నటి పిన్నుల వరుసలో పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నుల నుంచి వైరు పీకి, ఆ రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే చాలు. అప్పుడు ఆన్ అయితే దోషం బటన్‌దే. లోపలే ఇరుక్కుపోయిన బటన్ అయితే ఇంకో తమాషా చేస్తుంది: మెషిన్ ఆన్ అయి, నాలుగైదు సెకన్లకు దానంతటదే ఆగిపోతుంది, బటన్ పట్టి నొక్కి ఉంచినట్టే కదా మరి. మా దాంట్లో బటన్ బాగానే ఉంది. ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల పన్నెండు వోల్టుల కనెక్టర్ కూడా గట్టిగానే ఉంది. దుమ్ము దులిపేటప్పుడు ఊడేది సాధారణంగా అదే. అది ఊడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం రాదు, జనం ర్యామ్ మీద పడతారు.

"అన్నీ పీకేసి నాలుగే ఉంచు అబ్బయా" అన్నారు పెద్దాయన. బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ ముక్క, ఎస్‌ఎంపీఎస్. హార్డ్ డిస్క్ వద్దు, డీవీడీ డ్రైవ్ వద్దు, పెన్‌డ్రైవ్ వద్దు. ముందు వైపు యూఎస్‌బీ పోర్టులో నాలుక వంగి పిన్నులు ఒకదానికొకటి తగిలినా బోర్డు లేవదు కాబట్టి ఆ వైరు కూడా పీకాలి. ఆ తర్వాత ర్యామ్ కూడా తీసేసి ఆన్ చేయమన్నారు. ర్యామ్ లేకుండా ఆన్ చేసినప్పుడు బోర్డు బీప్‌లు కొడితే ప్రాసెసర్, బయోస్ బతికే ఉన్నాయని అర్థం. అయితే చాలా బోర్డులకు బజర్ (బీప్ కొట్టే చిన్న స్పీకర్) రాదు, విడిగా కొనుక్కుని స్పీకర్ పిన్నులకు పెట్టుకోవాలి. మధ్యాహ్నం, మెషిన్ లేచే వేళ, ఈ పరీక్ష చేస్తే బీప్‌లు శుభ్రంగా వచ్చాయి. బోర్డు పోయిందన్న మాట తప్పని అక్కడికి తేలిపోయింది.

ఇక రెండో దండం పాత బజారు వైపు టీవీలు బాగుచేసే అన్నకు. అసలు రోగం పట్టింది ఆయనే.

బటన్ నొక్కకముందే, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ, ఎస్‌ఎంపీఎస్ లోపల స్టాండ్‌బై అనే ఒక చిన్న సర్క్యూట్ పనిచేస్తూనే ఉంటుంది. ఇరవై నాలుగు పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఊదా రంగు వైరు దానిది. దాంట్లో ఎప్పుడూ 5 వోల్టులు ఉండాలి, 4.75కి తగ్గకూడదు. మనం బటన్ నొక్కితే బోర్డు ఈ కరెంటుతోనే మేలుకుని ఆకుపచ్చ వైరు వోల్టేజీని సున్నాకు దించుతుంది. అప్పుడు పసుపులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు వస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని బూడిద రంగు వైరు 5 వోల్టులతో కబురు పంపితేనే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. అన్న పొద్దున్నే వచ్చి మల్టీమీటర్ నల్ల ముల్లు నల్ల వైరులో, ఎర్ర ముల్లు ఊదా వైరులో గుచ్చితే 3.9 చూపించింది. బటన్ నొక్కగానే ఇంకా కిందికి జారింది. మేలుకొలిపే కరెంటే నీరసంగా ఉంటే బోర్డు ఎట్టా లేస్తుంది?

చాలామంది ఇక్కడ చేసే పరీక్ష, కనెక్టర్ బోర్డు నుంచి పీకి ఆకుపచ్చ వైరునూ ఒక నల్ల వైరునూ తీగ ముక్కతో కలపడం. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగితే బాగుందని వదిలేస్తారు. అన్న దీన్ని ఒప్పుకోడు. ఫ్యాన్ తిరగడానికి ఏపాటి కరెంటు కావాలి? తిరిగాక వోల్టులు కొలవాలి: పసుపు 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. అదీ బోర్డుకు తగిలించి, బరువు పడ్డప్పుడు కొలిస్తేనే లెక్క.

పొద్దున లేవక మధ్యాహ్నం లేవడానికి కారణం ఆ సర్క్యూట్‌లోని చిన్న కెపాసిటర్లు, అంటే కరెంటును కాస్త నిలవ ఉంచే ముక్కలు. వాటిలో ద్రవం ఉంటుంది, వేడికి కొంచెం కొంచెంగా ఆరిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగం అవుతుందని మెకానిక్కుల లెక్క. మన నెల్లూరు ఎండలో, చెక్క టేబుల్ అరలో ఇరికించిన క్యాబినెట్‌లో, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్ వెనక, ఆ కెపాసిటర్లు పడే బాధ చెప్పనక్కర్లేదు. ఆరిపోయిన కెపాసిటర్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది. చల్లబడితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి రోహిణి కార్తెలో పాడైనది ధనుర్మాసంలో బయటపడింది. వెచ్చబడితే నిరోధం కాస్త తగ్గి మెషిన్ లేస్తుంది, ఒకసారి లేచాక లోపలి వేడికి రోజంతా నడుస్తుంది. ఈ సంగతి తేల్చుకోవడానికి అన్న చేసిన పని చూడాలి: ప్లగ్ పీకి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో ఎస్‌ఎంపీఎస్ జాలీ మీద జానెడు దూరం నుంచి రెండు మూడు నిమిషాలు వేడి గాలి కొట్టి, ప్లగ్ పెట్టి నొక్కాడు. లేచి కూర్చుంది! పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ నొక్కితే లేవలేదు. ఊదా వైరు కూడా వెచ్చగా ఉంటే 4.9, చల్లగా ఉంటే 3.9.

లోపల స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మర్ పక్కన 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ ఒకటి, అవుట్‌పుట్ వైపు 1000 మైక్రోఫారడ్, 10 వోల్టులది ఒకటి మార్చాడు. పైకి చూస్తే చిన్నది ఉబ్బలేదు, కారలేదు, కొత్తదానిలాగే ఉంది. లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్‌ఆర్ మీటర్ పెడితేనే దొరికింది. కొత్తవి రెండూ 105 డిగ్రీల వేడి తట్టుకునేవే వేయాలి, 85 డిగ్రీలవి వేస్తే వచ్చే వేసవికే మళ్లీ మొదటికొస్తుంది. గీత ఉన్న వైపు కాలు మైనస్, తిప్పి వేస్తే పేలుతుంది. ఇంకో హెచ్చరిక, ఇది అన్న నోటి మాటగానే తీసుకోండి: "టీవీ గానీ ఎస్‌ఎంపీఎస్ గానీ ప్లగ్ పీకినంత మాత్రాన చచ్చినట్టు కాదు." లోపలి పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. దాన్ని దించే పద్ధతి తెలియనివాళ్లు మూత తీయకూడదు. వోల్టులు బయట కనెక్టర్ దగ్గర కొలుచుకోవచ్చు, మూత మాత్రం మెకానిక్ చేత్తోనే తెరిపించాలి. తెరిస్తే మన ఇళ్లలో ఒక్కోసారి వెచ్చదనానికి దూరి కాలిపోయిన బల్లి కూడా దొరుకుతుంది, అది వేరే కేసు.

బాగుచేసిన అన్నే, ఇంత పాత లోకల్ ఎస్‌ఎంపీఎస్‌ను నమ్ముకోవద్దు, రోజువారీకి కొత్తది వేసుకో, దీన్ని పరీక్షలకు దాచుకో అన్నాడు. తన పనిని తానే తగ్గించి చెప్పే మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు?

కరెంటు సరయ్యాక లోగో వచ్చింది, ఆ వెంటనే నల్ల తెర మీద సరైన బూట్ డివైస్ ఎంచుకోమన్న మెసేజ్. మధ్యాహ్నాల్లో బాగా నడిచిన విండోస్ ఇప్పుడేమైందని గాబరా పడాల్సిన పని లేదు. రిపేరు కోసం ప్లగ్ చాలాసేపు తీసి ఉంచాం, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంది. ప్లగ్ ఉన్నంతకాలం స్టాండ్‌బై కరెంటు దాని లోటును కప్పిపుచ్చింది. కొలిస్తే 2.4 వోల్టులే వచ్చింది, కొత్తది 3కు పైన ఉంటుంది. బ్యాటరీ పోతే తేదీ వెనక్కి పోతుంది, బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీవి అయిపోతాయి. తేదీ సరిచేయకుండా నెట్ తెరిస్తే బ్యాంకు సైట్లన్నీ సెక్యూరిటీ సర్టిఫికెట్ తప్పంటాయి, అదీ దీని పుణ్యమే.

ఈ మెట్టు దాటించింది సెలవులకు ఊరొచ్చిన ఇంజనీరింగ్ అమ్మాయి. డిలీట్ బటన్ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి ముందు హార్డ్ డిస్క్ పేరు కనపడుతుందా అని చూసింది. కనపడకపోతే డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చాలి, ఇంకో పోర్టులో పెట్టాలి. కనపడింది. అంటే డిస్క్ ఉంది, మోడ్ కుదరలేదు. మా విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసింది, సెట్టింగులు పోయాక బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మారింది. లెగసీకి తిప్పి, బూట్ వరసలో డిస్క్‌ను ముందు పెట్టి, ఎఫ్10తో సేవ్ చేస్తే విండోస్ వచ్చేసింది. సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు, ఏహెచ్‌సీఐలో ఉందా ఐడీఈలో ఉందా అన్నదీ చూడాలి. అది మారితే విండోస్ నీలి తెరతో ఆగుతుంది. ఫార్మాట్ అక్కర్లేదు, పాత మోడ్‌కు తిప్పితే చాలు.

అమ్మాయి అంతటితో ఆగలేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం పెట్టి చూస్తే డిస్క్ పసుపు రంగులో హెచ్చరిస్తోంది, సీ5 వరసలో చదవలేకపోతున్న సెక్టార్లు, అంటే డిస్క్ మీది గడులు, ఉన్నాయి. ఇలాంటి డిస్క్ మీద ముందే విండోస్‌లోని చెక్‌డిస్క్ రిపేరు నడిపితే బలహీనమైన డిస్క్‌ను గంటల తరబడి గీకినట్టవుతుంది. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, తర్వాతే వైద్యం. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ ఎక్కించి, దాంతో బూట్ చేసి, ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు ముందుగా, సినిమాలు చివరగా బయటి డిస్క్‌కు కాపీ చేసింది. విండోస్ సరిగా షట్‌డౌన్ కాకపోతే లినక్స్ ఆ డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. కాపీకి అదే క్షేమం. ఇప్పుడు విండోస్ ఎస్‌ఎస్‌డీలో (లోపల తిరిగే పళ్లెం లేని డిస్క్‌లో) ఉంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఈ నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు కాబట్టి లినక్స్ కూడా పక్కనే వేసిపెట్టింది. చల్లగా ఉండాలి తల్లి.

నాలుగో దండం కరెంటు మేస్త్రికి. క్యాబినెట్ అంచు తాకితే చేతికి చిమచిమ అంటుంది, తేమకు అనుకునేవాళ్లం. సాకెట్ మూత విప్పితే పైనున్న ఎర్త్ పిన్నుకు వైరే లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలికి రాగానే ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి క్యాబినెట్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది, లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ నిలుస్తుంది. మీటర్ 100కు పైనే చూపింది. ఆ చేతులతోనే ర్యామ్, హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెడుతుంటే పోర్టులు కాలిపోవూ? మేస్త్రి ఇంటి కరెంటు బోర్డు నుంచి పచ్చ వైరు లాగి, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు వోల్టుల లోపు వచ్చేదాకా వదల్లేదు. పెరట్లో ఎర్త్ పైపు చూస్తే పై బిగింపు తుప్పు పట్టి చేత్తో లాగితే ఊడొచ్చింది. తుమ్మలపెంట నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇనుప నట్లు ఎన్నాళ్లుంటాయి! క్లాంపు మార్చి, గుంటలో నీళ్లు పోయించి, ఎండాకాలంలో వారానికోసారి బిందెడు పోయమన్నాడు.

ఆ ఉప్పుగాలి గురించే పెద్దాయన చెప్పిన ఇంకో మాట. ర్యామ్ బంగారు పళ్ల మీద సన్నటి పొర పడుతుంది, కంటికి కనపడదు. పెన్సిల్ రబ్బరుతో ఒకే దిక్కుగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, రెండు చెవులూ టక్కుమనేలా నొక్కాలి. గరుకు కాగితం, పెట్రోలు వద్దు. స్లాట్‌లోకి నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపరే కొత్త తుప్పవుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి.

పెద్దాయనా, అన్నా, అమ్మాయీ, మేస్త్రీ, మీకు చాలా చాలా కృతజ్ఞతలు. టీవీ అన్న డబ్బులు తీసుకోలేదు, కెపాసిటర్ల ఖరీదు మాత్రం ఉంచుకున్నాడు.

అన్న బాగుచేసిన పాత ఎస్‌ఎంపీఎస్, బజర్, మల్టీమీటర్ మా ఇంట్లోనే ఉంటాయి. కావలి చుట్టుపక్కల ఎవరి మెషిన్ అయినా పొద్దున లేవకపోతే, బోర్డు మార్చే ముందు వచ్చి తీసుకెళ్లి పెట్టి చూసుకోండి. పవర్ కేబుల్ మాత్రం మీది తెచ్చుకోవాలి, మా దగ్గర ఒకటే ఉంది.