1776కు ముందరి తిరుగుబాట్ల గురించీ రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండుతున్న సందర్భంగా తెలుగు పత్రికల్లో వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. నేను చదివినవాటిలో చాలావరకు, బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను నీళ్లపాలు చేయడంతో కథ మొదలై 1776 జూలై 4తో ముగుస్తోంది. ఒకవైపు బ్రిటిష్ రాజు, మరోవైపు ఒక్క తాటి మీద నిలిచిన వలస ప్రజలు ఉన్నట్టుగా సాగే ఈ కథనంలో, ఆ బ్రిటిష్ వలస ప్రాంతాల్లోనే ఉన్నవారికీ లేనివారికీ మధ్య అప్పటికి నూరేళ్లుగా రగులుతున్న వైరం ఊసే లేదు.

ఆ వలస ప్రాంతాల్లో ఒకటైన వర్జీనియాను చూడండి. ఓడ ఖర్చుకు బదులుగా నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల దాకా చాకిరీ చేస్తామని ఒప్పందం రాసిచ్చి ఇంగ్లండు నుంచి వచ్చిన కూలీలకు, గడువు తీరాక మంచి భూమి దొరికేది కాదు. తీరప్రాంతపు నేలంతా అప్పటికే పెద్ద భూస్వాముల చేతుల్లో ఉంది. పొగాకు ధర పడిపోయింది. ఇల్లూ భూమీ లేనివారి ఓటు హక్కును 1670లో తీసేశారు. సరిహద్దుల్లోని ఆదివాసులపై తాము కోరినట్టు యుద్ధం చేయనివ్వడం లేదని గవర్నర్ విలియం బర్క్లీపై ఉన్న కోపానికి ఈ కష్టాలన్నీ తోడయ్యాయి. 1676లో నథానియల్ బేకన్ అనే యువ భూస్వామి వెనక నడిచిన జనం సెప్టెంబరులో రాజధాని జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. అక్టోబరులో బేకన్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత బర్క్లీ 23 మందిని ఉరితీయించాడు.

బేకన్‌ను పేదల నాయకుడని కీర్తించడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. సస్క్వెహానాక్ అనే ఆదివాసీ తెగపై పోరులో తనకు సాయపడిన ఒకనీచీ తెగవారినే అతడు ఊచకోత కోయించాడు. శాంతియుతంగా బతుకుతున్న పమంకీ తెగపైకీ దండెత్తాడు. అయితే అతడి మరణానంతరం కూడా ఆయుధాలు వదలనివారెవరన్నదే పాలకులను భయపెట్టింది. యార్క్ నది ఒడ్డున ఓడ కెప్టెన్ థామస్ గ్రాంథమ్ స్వేచ్ఛ ఇప్పిస్తానని మాటిచ్చి చాలామందిని లొంగదీసుకున్నాడు. సుమారు 80 మంది నల్లజాతివారు, 20 మంది ఇంగ్లిష్ కూలీలు మాత్రం తుపాకులు దించలేదు. వారిని నమ్మించి పడవ ఎక్కించి, నడి ఏటిలో ఓడ ఫిరంగులను వారివైపు గురిపెట్టి, తిరిగి యజమానులకు అప్పగించాడు.

ఆ తర్వాత వచ్చిన చట్టాలను వరసపెట్టి చదివితే పాలకుల ఆలోచన అర్థమవుతుంది. 1680లో బానిసలు ఆయుధం పట్టడాన్ని, అనుమతి పత్రం లేకుండా తోట దాటడాన్ని నిషేధించారు. 1691లో తెల్లవారు ఇతర జాతులవారిని పెళ్లాడితే వర్జీనియా నుంచి వెళ్లగొట్టాలన్నారు. 1705 చట్టం ప్రకారం గడువు తీరిన తెల్ల మగ కూలీకి పది బుషెళ్ల (బుషెల్ అనేది ధాన్యపు కొలత) మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఒక తుపాకి ఇవ్వాలి. అదే చట్టం బానిసలు పెంచుకున్న గుర్రాలనూ పశువులనూ పందులనూ జప్తు చేసి, అమ్మిన సొమ్మును స్థానిక చర్చి పరిధిలోని పేదలకు పంచమంది. దండిస్తుండగా బానిస చనిపోతే యజమానిది నేరం కాదంది. బానిసత్వం విస్తరించడానికి తిరుగుబాటు ఒక్కటే కారణం కాదు. ఇంగ్లండు నుంచి కూలీల రాక తగ్గడం, ఆఫ్రికా నుంచి బానిసల ఓడలు పెరగడం కూడా అంతే ముఖ్యం. కానీ కలిసి నిలిచిన బీదలను రంగును బట్టి విడదీసే పనిని ఈ చట్టాలు చేశాయన్నది నా దృఢాభిప్రాయం.

ఇదొక్క వర్జీనియా ముచ్చట కాదు. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడి, స్వేచ్ఛ దొరుకుతుందన్న ఆశతో స్పానిష్ ఫ్లోరిడా వైపు నడిచారు. మరుసటి ఏడే బానిసలకు రాత నేర్పడాన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది. ఉత్తర కరోలినాలో అధికారుల అక్రమ వసూళ్లపై తిరగబడిన రైతులను 1771 మేలో అలమాన్స్ వద్ద గవర్నర్ ట్రయాన్ సేన అణచివేసింది.

19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మారిషస్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లిన వారి చరిత్ర ఉన్న మన తెలుగువారికి ఈ విషయం అర్థం కానిదేమీ కాదు. ఈనాడు వర్జీనియాలో, కరోలినాల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. కనుక మీ ప్రత్యేక వ్యాసాల్లో కనీసం ఒకటి బేకన్ తిరుగుబాటుకూ 1705 చట్టానికీ కేటాయించాలని, ఆ చట్టంలోని ముఖ్యమైన నిబంధనలను తెలుగులో అచ్చువేయాలని, విద్యార్థుల పేజీలోనూ వాటికి చోటివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
ఖమ్మం