గడ్డికి గిట్టుబాటు ధర లేకుండా గడ్డి ఇంధనానికి మార్కెట్ ఎక్కడిది?

సంపాదకులు గారికి నమస్కారం.

పంట వ్యర్థాలతో తయారయ్యే ఇంధనాలకు రానున్న పదేళ్లలో గొప్ప గిరాకీ ఉంటుందని, ఇవాళ పొలంలో తగలబెడుతున్న వరిగడ్డి రేపు రైతుకు మరో ఆదాయమవుతుందని నాయకులు, అధికారులు, పరిశ్రమల ప్రతినిధులు తరచూ చెబుతున్నారు. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించే రైతుగా, మా ఊరి సహకార సంఘంలో సభ్యుడిగా ఆ మాటలను శ్రద్ధగా వింటున్నాను. గిరాకీ రాబోతోందన్న మాటలో అబద్ధం లేదు. అయితే పొలంలో పరచుకుని ఉన్న గడ్డిని ఎవరు పోగు చేస్తారు, ఎవరి ఖర్చుతో ఫ్యాక్టరీ గేటు దాకా చేరుస్తారు, రైతుకు టన్నుకు ఎంత ముడుతుంది, ఆ ధర ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నవి తేలనంత కాలం ఆ గిరాకీ నల్గొండకు గానీ పాలమూరుకు గానీ అందదు. ప్రభుత్వం ముందు, పాఠకుల ముందు ఈ మాట ఉంచడానికే ఈ లేఖ.

ఈ గిరాకీ చాలావరకు చట్టాలు, ఆదేశాలు పుట్టించినది. ఇళ్లకు, వాహనాలకు గ్యాస్ అమ్మే సంస్థలు తమ సరఫరాలో 2025-26లో 1 శాతం, మరుసటి ఏడాది 3 శాతం, 2027-28లో 4 శాతం, 2028-29 నుంచి 5 శాతం కంప్రెస్డ్ బయోగ్యాస్ (వ్యర్థాలను కుళ్లబెట్టి తీసి, శుద్ధి చేసి ఒత్తిడితో నింపిన గ్యాస్) కలపాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నాటికి 1 శాతం, 2028 నాటికి 2 శాతం, 2030 నాటికి 5 శాతం పర్యావరణ హిత ఇంధనం ఉండాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. ఐరోపా సమాఖ్య విమానాశ్రయాల్లో ఇదే వాటా 2025లో 2 శాతంతో మొదలై 2030లో 6 శాతానికి, 2050 నాటికి 70 శాతానికి పెరగాలి. తిండిగింజలతో చేసిన ఇంధనాన్ని అక్కడి నిబంధనలు ఈ లెక్కలోకి రానివ్వవు కాబట్టి పంట వ్యర్థాలకు, వాడేసిన వంటనూనెకు విలువ పెరగడం ఖాయం.

మరి మన దేశంలో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిగి, 2025లోనే నెరవేరింది కదా, అందులో గడ్డి వాటా ఎంత? చాలా స్వల్పం. ఆ ఇథనాల్‌లో అత్యధిక భాగం చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచే వచ్చింది. కారణం తెలుసుకోవడానికి హర్యానాలోని పానిపట్ ఫ్యాక్టరీని చూస్తే చాలు. ఇండియన్ ఆయిల్ సంస్థ 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో నిర్మించిన ఆ ఫ్యాక్టరీని 2022 ఆగస్టు 10న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో దాదాపు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం, అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. టన్ను నూకల నుంచి సుమారు 450 లీటర్లు వస్తుంది. నూకలు బస్తాల్లో వస్తాయి, గోదాములో నిల్వ ఉంటాయి, పులియబెట్టడం తేలిక. గడ్డికైతే ముందు దాని పీచును విడగొట్టి చక్కెరలుగా మార్చాలి. దానికి ఆమ్లం, ఆవిరి, ఎంజైములు, ఖరీదైన యంత్రాలు కావాలి. పైగా 2025లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యాన్నే క్వింటాలు 2,250 రూపాయలకు డిస్టిలరీలకు ఇచ్చారు. ప్రభుత్వమే ఆ ధరకు బియ్యం అందిస్తుంటే గడ్డి వెంట పడే పెట్టుబడిదారు ఎవరుంటారు? పంట వ్యర్థాల ఇంధనం నిలబడాలన్న కోరిక నిజమైతే బియ్యం ఇథనాల్‌కు, గడ్డి ఇథనాల్‌కు మధ్య తేడాను ధరలో చూపించాలి.

ఆదేశాలతో వచ్చే మార్కెట్‌ను నమ్ముకుని దెబ్బతిన్న దేశాలు మన కళ్ల ముందే ఉన్నాయి. 2022 నాటికి గడ్డి, చొప్ప, కలప వంటి వాటి నుంచి 1,600 కోట్ల గ్యాలన్ల ఇంధనం వాడాలని అమెరికా 2007లో చట్టమే చేసింది, దాని దరిదాపులకు కూడా చేరలేదు. కాన్సాస్ రాష్ట్రంలోని హ్యూగోటన్‌లో, అయోవాలోని నెవాడా పట్టణంలో, ఇటలీలోని క్రెషెంటినోలో కట్టిన పెద్ద ఫ్యాక్టరీలు కొద్ది ఏళ్లకే మూతపడ్డాయి. రొమేనియాలోని పొడారిలో గోధుమ గడ్డితో ఇథనాల్ తీయడానికి 2021లో పూర్తయిన ఫ్యాక్టరీని 2023 చివర్లో మూసేస్తున్నట్లు ప్రకటించారు. ప్రయోగశాలలో పనిచేసిన పద్ధతి, మట్టీ ఇసుకా కలిసిన వేల టన్నుల గడ్డి రోజూ యంత్రాల్లోకి వచ్చేసరికి మొరాయించడం వీటిలో కొన్నింటి అనుభవం. మన దగ్గర 2018 అక్టోబరులో మొదలైన సతత్ పథకం కింద 2023 నాటికి 5,000 బయోగ్యాస్ ప్లాంట్లు రావాల్సి ఉండగా అందులో చాలా చిన్న భాగమే పూర్తయింది. ఈ సంగతులు చెప్పడం ఎవరినీ నిరుత్సాహపరచడానికి కాదు. మన జిల్లాల్లో స్థలాలు కేటాయించే ముందు వీటిని చదివి ఉండాలని కోరడానికే.

ఇక మా పొలాల సంగతి. టన్ను ధాన్యానికి ఇంచుమించు టన్ను నుంచి టన్నున్నర గడ్డి ఉంటుంది. మనుషులతో కోయించి, కల్లంలో కొట్టించి, వాము వేసే రోజుల్లో గడ్డంతా ఇంటికి చేరేది. వరికోత యంత్రం వచ్చాక కొయ్యకాళ్లు మోకాలి ఎత్తున మిగులుతున్నాయి, మిగతా గడ్డి యంత్రం వెనక వరుసలుగా పడిపోతోంది. దాన్ని కట్టలు కట్టాలంటే బేలర్ తగిలించిన ట్రాక్టర్ అదును దాటకముందే రావాలి. వానాకాలం కోతలప్పుడు మడిలో తడి ఆరదు, గడ్డి కింద బురద అంటుతుంది, ఆలోగా యాసంగి నారుమళ్లకు, దమ్ముకు నీళ్లు వదిలే తేదీ ముంచుకొస్తుంది. బేలర్ ఒకటుంటే అడిగేవాళ్లు వందమంది. వరుస వచ్చేదాకా ఆగలేని రైతు అగ్గిపుల్ల గీస్తాడు. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ నష్టపోతామని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంటుంది. ఆ మాట రైతుకూ తెలుసు. తెలిసి కూడా కాలుస్తున్నాడంటే ఆ పది రోజుల్లో అతనికి వేరే దారి లేదని అర్థం.

కట్టలు కట్టినా సగం పనే అయినట్టు. గడ్డికి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. డీసీఎం వ్యాను నిండా పేర్చి తాళ్లు బిగించినా తూకంలో దాని సామర్థ్యానికి చాలా తక్కువే వస్తుంది, డీజిల్ మాత్రం నిండు బరువుకు దగ్గరగానే తాగుతుంది. దూరం పెరిగిన కొద్దీ గడ్డి కన్నా కిరాయి ఎక్కువవుతుంది. ఏడాదికి రెండు కోతల్లో వచ్చే సరుకుతో ఫ్యాక్టరీ పన్నెండు నెలలూ నడవాలంటే వానకు తడవని, నిప్పు అంటుకోని నిల్వ యార్డులు కావాలి. ఈ ఖర్చులన్నీ పోగా రైతుకు మిగిలేది ఎంత అన్న లెక్క లేకుండా తయారైన ప్రాజెక్టు నివేదికను నమ్మడానికి వీల్లేదు. పోగైన చోట ఈ వ్యర్థాలు ఎంత బాగా పనికొస్తాయో హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూపించింది. అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ తీసే ప్లాంటును తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో నెలకొల్పారు. మార్కెట్ యార్డులో చెత్త ఒక్కచోటికి దానంతట అదే వస్తుంది, గడ్డి మాత్రం వేల ఎకరాల్లో చెదిరి ఉంటుంది.

ఎంత వ్యర్థం అందుబాటులో ఉందో లెక్కవేసేటప్పుడు మరో పొరపాటు జరుగుతోంది. ధాన్యం బరువులో ఐదో వంతు ఊక అని, మిర్యాలగూడ మిల్లుల్లో ఇన్ని లక్షల టన్నుల ధాన్యం ఆడుతోంది కాబట్టి ఇన్ని టన్నుల ఊక దొరుకుతుందని రాసేస్తారు. ఆ ఊక వృథాగా పడి లేదు. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల బాయిలర్లే దాన్ని మండిస్తున్నాయి, మిగిలింది ఇటుక బట్టీలకు, ఇతర పరిశ్రమలకు అమ్ముడుపోతోంది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలను మండించాలన్న కేంద్ర విధానం 2023లో సవరించినప్పుడు ఆ వాటాను 2024-25లో 5 శాతంగా, తర్వాతి ఏడాది నుంచి 7 శాతంగా పెట్టింది. అంటే అదే గడ్డికి, అదే ఊకకు థర్మల్ కేంద్రం, బయోగ్యాస్ ప్లాంటు, ఇథనాల్ ఫ్యాక్టరీ, మిల్లు బాయిలర్ నలుగురు కొనుగోలుదారులవుతారు. రైతుకు ఇది మంచిదే. ఒకే గడ్డిని నాలుగు చోట్ల లెక్కలో చూపి నాలుగు పరిశ్రమలకు సబ్సిడీ ఇవ్వడం మాత్రం మంచిది కాదు.

పాలమూరు వైపు లెక్క వేరు. దేవరకొండ దాటి అటు వెళ్తే గడ్డి అంటే పశువుల మేత. ఎండాకాలం వస్తే పాడి రైతు ఆయకట్టు నుంచి గడ్డి కొనుక్కుని బర్రెలను కాపాడుకుంటాడు. అక్కడి దాకా ఫ్యాక్టరీ చేయి చాస్తే గడ్డి ధర పెరిగి ఆ భారం పాల మీద పడుతుంది. అందుకే మిగులు ఎంతో మండలాల వారీగా, పశువుల మేత తీసేశాకే లెక్కించాలి. ఆ జిల్లాల్లో నిజంగా పనికిరాకుండా పోతున్నది పత్తి కట్టె. నల్గొండలోనూ, గద్వాల, నారాయణపేట, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ చివరి ఏరుడు అయ్యాక కట్టెను పీకి గట్టున కాలుస్తారు. చేలోనే వదిలేస్తే ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని మరుసటి పంటకు దాపురిస్తుంది కాబట్టి దాన్ని తీసేయడం రైతుకు అవసరం కూడా. అయితే అది కలప లాంటిది, బయోగ్యాస్ తొట్టిలో కుళ్లదు. గుళికలుగా చేసి మండించడానికే తగినది. వరిగడ్డి సంగతి వేరు. దాన్ని ముక్కలు చేసి పేడతోనో, షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో వచ్చే ఎరువుతోనో కలిపితే గ్యాస్ బాగా వస్తుంది. గడ్డిలో తక్కువగా ఉన్న నత్రజనిని కోళ్ల ఎరువు భర్తీ చేస్తుంది. మన ప్రాంతానికి రెండో తరం (పంట వ్యర్థాలతో చేసే) ఇథనాల్ కన్నా మధ్యస్థాయి బయోగ్యాస్ ప్లాంట్లే మేలని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం. మిగిలిన ముద్ద ఎరువుగా తిరిగి అదే పొలాలకు చేరుతుందన్నది అంతకన్నా పెద్ద కారణం. గడ్డితో పాటు పోయిన పొటాష్ మళ్లీ మడికే వస్తుంది. ఆ ఎరువు అమ్మకానికి కేంద్రం టన్నుకు 1,500 రూపాయల సాయాన్ని 2023లోనే ప్రకటించింది.

వాడేసిన వంటనూనె గురించి ఒక్క మాట. నూనెలో పోలార్ పదార్థాలు (పదేపదే కాచినప్పుడు పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి ఉంది. పట్టణాల్లో హోటళ్ల నూనెను సేకరించే ఏర్పాటు గట్టిపడితే ప్రజల ఆరోగ్యానికీ మంచిది, విమాన ఇంధనానికీ పనికొస్తుంది.

ప్రజల అనుమానాలను కూడా పక్కన పెట్టడానికి లేదు. ఇథనాల్ పరిశ్రమకు వ్యతిరేకంగా 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2025లో గద్వాల జిల్లా పెద్దధన్వాడలో రైతులు రోడ్డెక్కారు. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, గాలి ఏమవుతుంది అని వారు అడిగిన ప్రశ్నలు పంట వ్యర్థాల ప్లాంటుకూ వర్తిస్తాయి. ఆ జవాబులు ఊరి గ్రామసభలో తెలుగులో, కాగితం మీద ముందే ఇవ్వాలి.

ఇక చేయాల్సిన పని. ప్లాంటుకు స్థలం, సబ్సిడీ ఇచ్చే ముందే కనీసం పదేళ్ల గడ్డి కొనుగోలు ఒప్పందం షరతుగా పెట్టాలి. అందులో టన్ను ధర డీజిల్ ధరతో, కూలి రేట్లతో పాటు మారే సూత్రం ఉండాలి, కట్టలు కట్టే ఖర్చు రైతు నెత్తిన పడకూడదు. సేకరణను దళారులకు కాకుండా సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించాలి. ఐకేపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి ధాన్యం తూచి, 17 శాతం తేమ చూసి, టోకెన్లు రాసి, రైతు ఖాతాలో డబ్బు పడేదాకా పని నడిపిస్తున్న మా ఆడబిడ్డలకు గడ్డి తూచడం కొత్త విద్య కాదు. వారికి బేలర్లు కొనడానికి సాయం, యార్డుకు స్థలం, అగ్ని ప్రమాద బీమా ఇస్తే చాలు. వచ్చే యాసంగి కోతలకు ముందే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నిడమనూరు ప్రాంతాల్లో రెండు మూడు సహకార సంఘాలతో ఈ సేకరణను మొదలుపెట్టి, కట్ట ఖర్చు, కిలోమీటరు రవాణా ఖర్చు, రైతుకు దక్కిన మొత్తం మూడింటినీ మండలాల వారీగా ప్రకటించాలని రాష్ట్ర వ్యవసాయ, పరిశ్రమల శాఖలను కోరుతున్నాను. కొత్త ప్లాంట్ల అనుమతులు ఆ లెక్కలు చూశాకే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రైతు, సహకార సంఘ సభ్యుడు,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా